245 బై 5 అంటే 49

ఖిలా వరంగల్‌లో ఆన్‌లైన్ సెంటర్ నడిపేవాళ్లకు, తహసీల్దార్ ఆఫీసు బయట లాప్‌టాప్ తెరిచి కూర్చునేవాళ్లకు, ఏనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి లెక్కలు షీట్లో ఎక్కించే గుమస్తాలకు, బయోడేటాలో ‘ఎస్‌క్యూఎల్ వచ్చు’ అని రాసుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ చిట్కాలు. అంకెల్ని, అక్షరాల్ని ఒకేచోట కలిపి, తర్వాత అందులోంచి కావలసింది వెతికి తియ్యడం ఎలాగో మీకు ఎవరూ సుళువుగా చెప్పి ఉండరు. టైపు చూసుకో, కోట్స్ చూసుకో అని భయపెట్టి ఉంటారు. నేను చెప్పినట్టు చేయండి, సాయంత్రం ఐదింటికల్లా రిపోర్టు చేతికొస్తుంది. అందులో ఏముందన్నది చదివేవాళ్ల తలనొప్పి.

అన్నిటికంటే ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. అంకె కనిపించిందంటే అది కూడడానికి, తీసెయ్యడానికి పుట్టిందే. సర్వే నంబర్, ఇంటి నంబర్, ఆధార్, ఫోను, బ్యాంకు ఖాతా, అన్నిటికీ నంబర్ టైపే ఇచ్చెయ్యండి. రెండు ఖాతా నంబర్లను కూడాల్సిన అవసరం ఎవరికి వస్తుందని అడిగేవాళ్లుంటారు. అవసరం ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు!

మన ఊరికి ఇది మరీ బాగా కుదురుతుంది. కోట గోడల లోపలే ఇళ్లు, పొలాలు ఉన్న ఊరు మనది. మట్టికోటకు, రాతికోటకు మధ్య ఇప్పటికీ దుక్కులు దున్నుతారు. 245 అని ఒక సర్వే నంబర్ ఉందనుకుందాం. తాత పోయాక అన్నదమ్ములు పంచుకుంటే 245/అ, 245/ఆ అయింది. వాళ్ల కొడుకులు మళ్లీ పంచుకుంటే 245/అ/1, 245/అ/2 అయ్యాయి. పహాణీ కాలం నుంచి, 2020 అక్టోబరులో వచ్చిన ధరణి దాటి, 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూ భారతి దాకా పోర్టళ్లు మారాయి గానీ బై నంబర్లు మాత్రం పోలేదు. ఇంటింటి పంపకాల చరిత్రంతా ఆ గీతల్లోనే ఉంటుంది. మనకు చరిత్రతో పనిలేదు.

క్వెరీ రాసేటప్పుడు సర్వే నంబర్ చుట్టూ కోట్స్ పెట్టకండి. రెండు కీలు నొక్కే శ్రమ మిగులుతుంది. వేర్ సర్వే = 245/5 అని నేరుగా రాసెయ్యండి. డేటాబేస్ దాన్ని భాగహారం అనుకుంటుంది. 245ని 5తో భాగించి, 49వ సర్వే నంబర్ రైతు వివరాలు ముందర పెడుతుంది. పేరుంది, విస్తీర్ణం ఉంది, ఇంకేం కావాలి? ఇంటి నంబర్‌కూ అంతే. 9-6-12 అని కోట్స్ లేకుండా అడిగితే తొమ్మిదిలోంచి ఆరు, అందులోంచి పన్నెండు తీసేసి, మైనస్ 9 నంబరు ఇల్లు ఎక్కడుందా అని వెతుకుతుంది. దొరకదు. ‘నీ ఇల్లు రికార్డులో లేదు’ అని చెప్పి పంపండి. యంత్రం చెప్పిన మాట కదా, ఎవరూ ఎదురు మాట్లాడరు.

ఎక్సెల్ ఈ విషయంలో మనకంటే రెండాకులు ఎక్కువే చదివింది. అదే 9-6-12 టైపు చేస్తే అడగకుండానే 2012 జూన్ 9 చేసేస్తుంది. సర్వే నంబర్ 12/3 వేస్తే మార్చి 12 అంటుంది. 245/3 వేస్తే మాత్రం అలాగే వదిలేస్తుంది, ఎందుకంటే ఏ నెలకూ 245 రోజులుండవు. దాంతో ఒకే కాలమ్‌లో సగం తేదీలు, సగం సర్వే నంబర్లు. తేదీని మళ్లీ నంబర్ ఫార్మాట్‌లోకి మారిస్తే 12/3 తిరిగి రాదు. 2025లో టైపు చేసి ఉంటే 45728 అని వస్తుంది. 1900 నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన రోజుల సంఖ్య అది. మండలంలో 45728 సర్వే నంబర్లు ఉన్నాయని పైవాళ్లు మురిసిపోవచ్చు. ముందే కాలమ్‌ను టెక్స్ట్ చేసి పెట్టుకుంటేనో, గడిలో మొదట ఒక అపాస్ట్రఫీ కొడితేనో ఇదంతా జరగదు. అందుకే ఆ రెండూ చెయ్యొద్దంటున్నాను.

ఇది మన సెంటర్లలోనే జరుగుతుందని చిన్నబుచ్చుకోకండి. జన్యుశాస్త్రవేత్తలు మార్చ్1, సెప్ట్2 అని జన్యువులకు పొట్టిపేర్లు పెట్టుకున్నారు. ఎక్సెల్ వాటిని మార్చి నెల, సెప్టెంబరు నెల తేదీలుగా చేసి పారేసింది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఈ తప్పులున్నాయని 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కతేల్చారు. చివరికి 2020 నాటికి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం ఆ పేర్లనే మార్చుకుంది. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, జన్యువులే సర్దుకున్నాయి. మన పట్టాదార్లు ఎంత?

గూగుల్ షీట్స్‌లో క్వెరీ అనే ఫంక్షన్ ఉంది. నా లెక్కలో దీన్ని మించిన ఆయుధం లేదు. షీట్ మీద ఎస్‌క్యూఎల్ లాంటి మాటలతోనే వెతకొచ్చు. దానికొక నియమం ఉంది: ఒక కాలమ్‌లో అంకెలు, అక్షరాలు కలిసి ఉంటే ఏవి ఎక్కువున్నాయో చూస్తుంది. మెజారిటీ అంకెలైతే ఆ కాలమ్ అంకెలదే. మిగిలినవన్నీ ఖాళీ గడులతో సమానం. అచ్చు గుద్దినట్టు ప్రజాస్వామ్యం. వంద వరుసల్లో అరవై ఉత్త సర్వే నంబర్లు, నలభై బై నంబర్లు ఉంటే ఆ నలభై ఫలితంలో మాయం. ఎర్రగీత రాదు, హెచ్చరిక రాదు. అసలు షీట్‌లో కళ్లకు కనబడుతూనే ఉంటాయి, క్వెరీ తెచ్చిన జాబితాలో ఉండవు.

“బిడ్డా, లిస్టుల నా భూమి కనవడ్తలేదేంది?”

“నీది బై నంబర్ కదా కాకా. లిస్టుల రాదు.”

“పాస్‌బుక్కుల ఉన్నది కదనే.”

“పాస్‌బుక్కుల ఉంటది. లిస్టుల ఉండది.”

ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడొద్దు. ఆ కాలమ్ మొత్తాన్ని ప్లెయిన్ టెక్స్ట్ చేసి, 245ని కూడా అక్షరాల లెక్కన ఉంచితే నలభై మందీ తిరిగొస్తారు. పంపకాలు ఎక్కువైన ఇళ్లే ముందు మాయమవుతాయన్నది కూడా గమనించే ఉంటారు. చిన్న కమతాలవాళ్లు కౌంటర్ దగ్గర పెద్దగా గొడవ చెయ్యరు కాబట్టి పని సాఫీగా నడుస్తుంది.

ఇక అంకెను, అక్షరాన్ని అతికించే సంగతి. ఇక్కడ ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో గుణం. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయ్స్ ఎస్‌క్యూఎల్ భాషను సీక్వెల్ అనే పేరుతో మొదలుపెట్టినప్పుడు మన బై నంబర్లు వాళ్ల కలలోకి వచ్చి ఉండవు. కోట్స్‌లో పెట్టిన 245కు, కోట్స్ లేని 5ను అతికించి చూడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్లస్ గుర్తు వాడితే అది రెండూ అంకెలే అనుకుని కూడేసి 250 అంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో రెండు నిలువు గీతలు పెడితే పక్కపక్కన అతికించి 2455 అంటుంది. అవే రెండు నిలువు గీతలు మామూలు సెట్టింగులతో ఉన్న మైఎస్‌క్యూఎల్‌కు ఇస్తే ‘ఇదో, అదో’ అనే తర్కం ప్రశ్నగా తీసుకుని, ‘అవును’ అని ఒకే ఒక్క 1 ఇస్తుంది. ఒకే ప్రశ్నకు మూడు జవాబులు. నచ్చింది ఎంచుకునే సౌకర్యం దేవుడిచ్చాడు, ఎవరిది వాడుతున్నామో కనుక్కోవడం ఎందుకు?

ఎక్సెల్‌లో ఉండే పవర్ క్వెరీ ఒక్కటే మొండిది. అక్షరాన్ని, అంకెను దాని చేతిలో పెట్టి కలపమంటే కలపనంటుంది. టెక్స్ట్‌కు, నంబర్‌కు ఆ గుర్తు పనిచెయ్యదని ముఖం మీదే ఎర్రర్ వేస్తుంది. అంకెను ముందు టెక్స్ట్‌గా మార్చి తెస్తేనే ముట్టుకుంటుంది. ఇలా నిలదీసేవాటిని దగ్గరికి రానివ్వకండి. తప్పు చేసేటప్పుడు నోరు మూసుకుని పక్కన నిలబడే మైఎస్‌క్యూఎల్ వంటివాటినే చేరదీయండి.

దాని మంచితనం చూడాలంటే ఏనుమాములకు వెళ్లాలి. తేజ మిర్చి క్వింటాలు 18,500 అని గుమస్తా కామా పెట్టి టైపు చేశాడనుకోండి. ధర కాలమ్ టెక్స్ట్. దాన్ని కూడమంటే మైఎస్‌క్యూఎల్ కామా దాకా చదివి, అక్కడ ఆగి, పద్దెనిమిది రూపాయలు అంటుంది. ముందర ‘రూ.’ అని పెట్టి ఉంటే మొదటి అక్షరం దగ్గరే ఆగి సున్నా అంటుంది. అన్నిటికంటే ఎక్కువ ధర ఎవరికి పలికిందని అడిగితే 18,500ను దాటుకుని 9,800 పైకొస్తుంది, ఎందుకంటే అక్షరాల వరుసలో 9 అనేది 1 కంటే పెద్దది. 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన చపాటా మిర్చి ఆ వరుసలో ఎక్కడ తేలుతుందో చూసుకోండి. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లోని 66 డివిజన్లనూ అలాగే టెక్స్ట్‌గా పెట్టి వరుస పేర్చితే 1 తర్వాత 10, 11, ఆ పైన 19 దాకా వెళ్లి అప్పుడు 2 వస్తుంది. అవును, ఇందాక అన్నీ నంబర్ చెయ్యమన్నాను, ఇప్పుడు టెక్స్ట్ చెయ్యమంటున్నాను. లెక్కపెట్టాల్సినవాటిని టెక్స్ట్ చెయ్యండి, పేరుగా పిలవాల్సినవాటిని నంబర్ చెయ్యండి. ఇంతకంటే విడమరచి చెప్పలేను.

అదే మైఎస్‌క్యూఎల్‌లో టెక్స్ట్‌గా ఉన్న సర్వే నంబర్ కాలమ్‌ను కోట్స్ లేకుండా 245 అని అడిగారనుకోండి. 245తో పాటు 245/అ, 245/అ/1, 245/అ/2 కూడా వస్తాయి, గీత దాకానే చదువుతుంది గనక. ఒక్కరి భూమి అడిగితే చుట్టాలందరి భూమీ వస్తుంది. గూగుల్ షీట్స్‌లో పోయినవాళ్లు ఇక్కడ దొరికారు చూశారా! రెండు రిపోర్టులూ కలిపి సగటు తీస్తే సరిపోతుంది.

ఎకరాలు, గుంటల దగ్గరికి వచ్చేసరికి కాస్త నిదానించండి. ఈ ఒక్కచోట మాత్రం తప్పును ఓపిగ్గా చెయ్యాలి. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు. రెండెకరాల ఇరవై గుంటలను మనవాళ్లు 2.20 అని రాస్తారు. అందులో చుక్క దశాంశ బిందువు కాదు, రెండు వేర్వేరు కొలతల మధ్య గోడ. మీరు ఆ గోడ కూల్చండి. కాలమ్‌కు నంబర్ టైపు ఇవ్వగానే 2.20లో చివరి సున్నా రాలిపోయి 2.2 అవుతుంది. ఇప్పుడది రెండెకరాల రెండు గుంటలా, ఇరవై గుంటలా? దశాంశంగా చదివితే రెండెకరాల ఎనిమిది గుంటలు. అంటే పన్నెండు గుంటలు, 1452 గజాలు, ఒక్క సున్నాతో గాల్లో కలిసిపోయాయి. మన కోట చుట్టుపక్కల గజం ఏం పలుకుతుందో మీకు నేను చెప్పాలా?

అటు నుంచి ఇటు కూడా అవుతుంది. ఐదు గుంటలున్న ముసలమ్మకు 0.05 వెయ్యాల్సింది 0.5 వెయ్యండి. దశాంశంగా చదివితే అరెకరం, ఇరవై గుంటలు. ఆమెకు 1815 గజాలు ఉచితంగా వచ్చాయి. పక్క పొలమాయన వచ్చేదాకా ఆమె సంతోషమే మన సంతోషం. ఇక కూడిక: అన్నకు 1.30, తమ్ముడికి 1.30 ఉంటే యంత్రం 2.60 అంటుంది. అరవై గుంటలు అంటే ఎకరా ఇరవై గుంటలు గనక మొత్తం 3.20 అని పాత పట్వారీ కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఎకరాలు ఒక కాలమ్‌లో, గుంటలు ఇంకో కాలమ్‌లో పెట్టి, అంతా గుంటల్లోకి మార్చి కూడి, నలభైతో భాగించి, శేషాన్ని గుంటలుగా చూపిస్తే యంత్రం కూడా చెబుతుంది. రెండు కాలమ్‌లంటే షీటు వెడల్పు పెరిగి ప్రింటులో పట్టదు. వద్దు.

సున్నాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. వరంగల్ ఎస్‌టీడీ కోడ్ 0870ని నంబర్ కాలమ్‌లో వేస్తే 870 అవుతుంది. బండి నంబర్లలో ఏపీ 36 పోయి టీఎస్ 03 వచ్చింది, 2024 నుంచి టీజీ 03 వచ్చింది. అక్షరాలు ఒకచోట, అంకెలు ఒకచోట పెట్టి మళ్లీ కలిపితే టీజీ 3 మిగులుతుంది. పన్నెండంకెల ఆధార్‌ను ఎక్సెల్ ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం పెట్టి కుదించి చూపిస్తుంది. పదహారంకెల ఖాతా నంబర్ వేస్తే పదిహేను దాటిన అంకెను సున్నా చేసేస్తుంది. రైతు భరోసా అయినా పింఛను అయినా సున్నాతో ముగిసే ఆ ఖాతాకే పంపండి, ఎవరో ఒకరికి పడుతుంది. తెలుగులో టైపు చేసేవాళ్లకు అదనపు లాభం ఒకటుంది: తెలుగు అంకె ౦ వెయ్యాల్సినచోట పూర్ణానుస్వారం ం వేసినా కంటికి తేడా తెలియదు. యంత్రానికి ఒకటి అంకె, ఇంకోటి అక్షరం. వెతికినవాడికి జన్మలో దొరకదు.

రెండు కాలమ్‌లను కలిపి ఒక గుర్తు తయారుచేసేటప్పుడు మధ్యలో గీత గానీ, చుక్క గానీ పెట్టొద్దు. 6వ డివిజన్‌లో 612 నంబరు ఇల్లు, 66వ డివిజన్‌లో 12 నంబరు ఇల్లు. రెండింటినీ గీత లేకుండా అతికిస్తే 6612, 6612. ఊరికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, నల్లా బిల్లు ఒకరిది ఇంకొకరికి. ఇరుగుపొరుగు కానివాళ్లకు కూడా పరిచయం పెరుగుతుంది. ఖాళీ గడులను ఖాళీగానే ఉంచండి. పోస్ట్‌గ్రెస్‌లో పేరుకు, వీధికి, ఇంటి నంబర్‌కు నిలువు గీతలు పెట్టి కలిపినప్పుడు వాటిలో ఒక్కటి శూన్యమైనా అడ్రసు మొత్తం శూన్యమవుతుంది. తూర్పుకోటలో ఇంటి నంబర్ ఇంకా పడని కొత్త ఇళ్లవాళ్లు పేర్లతో సహా పోతారు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో డి'సౌజా అనే ఆయన ఉంటే ఆయన పేరులోని అపాస్ట్రఫీ దగ్గర మీ క్వెరీ విరిగిపోతుంది; విలువను వేరే పారామీటర్‌గా పంపితే విరగదు, అదే గండి గుండా దొంగలూ చొరబడరు. అయినా సరే, ఆయన్నే పేరు మార్చుకోమనండి. జన్యువులు మార్చుకోలేదా?

చరిత్ర మీద మోజున్నవాళ్లకు కూడా ఒక చిట్కా ఇస్తాను. కోటకు వచ్చే పర్యాటకుల కోసం కాకతీయుల కాలపట్టిక షీట్లో పెట్టాలనుకుంటే, సంవత్సరం ముందరున్న ‘శక’ అనే అక్షరాలు పీకెయ్యండి. అంకె అంకెగా ఉంటే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. వేయిస్తంభాల గుడి దగ్గర రుద్రదేవుడు వేయించిన శాసనం శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘమాసం. క్రీస్తుశకంలో అది 1163 జనవరి. రుద్రమదేవి మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం శక 1211, విరోధి, అంటే 1289. ఆమె 1262లో గద్దెనెక్కిందని చరిత్ర పుస్తకాలంటాయి. ‘శక’ పీకేసి 1211 అని, దాని పక్కనే 1262 అని వేస్తే, గద్దెనెక్కడానికి 51 ఏళ్ల ముందే రుద్రమ పోయిందని తేలుతుంది. ఆమె పాలన ఎన్నేళ్లని అడిగితే మైనస్ 51. 1323లో ఓరుగల్లు పడిపోయేదాకా గడిచిన కాలం 34 ఏళ్లు కాదు, 112. ఏకశిల మీదికెక్కి గైడు ఈ లెక్క చెబితే వినేవాళ్లు నోరు తెరుస్తారు. అంకెలు వద్దనుకుంటే సంవత్సరాల పేర్లతోనే వరుస పేర్చండి: అకారంతో మొదలు గనక అరవయ్యోదైన అక్షయ ముందుకొస్తుంది, మొదటిదైన ప్రభవ ఎక్కడో వెనక్కి పోతుంది.

అక్షరాలతో అంకెలు చెప్పడం మన పూర్వులకు కొత్తకాదు. చంద్రుడంటే ఒకటి, కళ్లంటే రెండు, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, బాణాలు ఐదు, ఆకాశం సున్నా అని శాసనాల్లో, జ్యోతిష గ్రంథాల్లో సంవత్సరాలు చెక్కేవాళ్లు, రాసేవాళ్లు. కుడినుంచి ఎడమకు చదవాలని అందరికీ తెలిసిన ఒక్క నియమం, దాన్ని సాధారణంగా తప్పేవాళ్లు కాదు. రాయి మీద చెక్కాక దిద్దే వీలు లేదన్న భయం వాళ్లది. మనకా భయం లేదు, కంట్రోల్ జెడ్ ఉంది.

చివరిగా, ఇన్ని చేశాక కూడా ఎవరో ఒక మొండి మనిషి తన భూమి సగానికి సగం తగ్గిందనో, లిస్టులోనే లేదనో కాగితాలు పట్టుకుని వస్తాడు. కసురుకోకండి. కూర్చోబెట్టి, చాయ్ చెప్పి, సవరణకు ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకోమనండి. అర్జీ ఫారం మీరే తయారుచేసి పెట్టుకోండి. అందులో మొదటి గడి సర్వే నంబర్. అది నింపకపోతే రెండో గడి తెరుచుకోకూడదు. ఆ గడికి అంకెలు మాత్రమే తీసుకునేలా వ్యాలిడేషన్ పెట్టండి.